పుట్టినరోజుకి సీన్ ముక్క కోసి పెట్టాలా, లింకు ఇవ్వాలా?

వెండితెర (చర్చ మొదలుపెట్టినవారు)

జులై 3న ఎస్.వి. రంగారావు గారి జయంతి (1918). ఆ రోజు పొద్దున్నే ప్రతి గ్రూపులోనూ మాయాబజార్ సినిమాలో ఆయన ఘటోత్కచుడిగా కనపడే "వివాహ భోజనంబు" ముక్క తిరుగుతుంది. సినిమా పేరుండదు, సంవత్సరం ఉండదు, పాడిన మాధవపెద్ది సత్యం గారి ఊసే ఉండదు. పైగా ఎవరిదో పేజీ ముద్ర ఘటోత్కచుడి కిరీటం మీద పడి ఉంటుంది. ఎవరిని తలుచుకుంటున్నామో వారి పనినే పాడుచేసి పంచుకోవడం ఇది.

నా వాదన సూటిగా చెప్తాను. ముక్కలు కోయడం మానేద్దాం. హక్కులున్న ఛానెల్లో సినిమా ఉన్నప్పుడు సీను మొదలయ్యే సెకనుకి లింకు పెట్టి పంపుదాం. కంప్యూటర్లో యూట్యూబ్ షేర్ నొక్కితే అడుగున ఏ నిమిషం నుంచి అని ఒక గడి వస్తుంది, అది టిక్ చేస్తే చాలు. ఫోన్లో ఆ గడి లేకపోతే లింకు చివర సెకన్లు చేత్తో కలపాలి. అప్పుడు మొత్తం సెకన్లలోకి మార్చి రాయండి: 1 గంట 12 నిమిషాల 10 సెకన్లంటే 4330. సీను కన్నా అయిదారు సెకన్లు ముందు నుంచి పెట్టండి, లేకపోతే మొదటి మాట తెగుతుంది.

గోదారిగట్టు

ఒప్పుకోనండి. లింకు పంపితే పదిమందిలో ఎంతమంది నొక్కుతారు? నొక్కినా ముందు ప్రకటన, ఆ తర్వాత మూడు గంటల సినిమా మధ్యలో దిగబెట్టినట్టుంటుంది. ఎక్కడ ఆపాలో లింకు చెప్పదు. స్టేటస్‌లో అయితే లింకు ఒట్టి బొమ్మగా కనపడుతుంది, ఆడదు. వచ్చే ఏడాదికి ఆ వీడియో అక్కడ ఉంటుందన్న హామీ కూడా లేదు. పెద్దవాళ్ళు ఉన్న ఫ్యామిలీ గ్రూపులో సీను అక్కడికక్కడే ఆడాలి. పద్ధతిగా కోయడం నేర్పండి, మానేయమనకండి.

ఎడిటింగ్‌బల్ల

కోసేవాళ్ళు ఎక్కడ తప్పుతున్నారో చూద్దాం.

మొదటిది నిలువు తెర. మాయాబజార్ 1957 సినిమా, చట్రం వెడల్పుకీ ఎత్తుకీ నిష్పత్తి దాదాపు 1.37కి 1. ఫోన్ నిలువు చట్రం 1080కి 1920. బొమ్మ మొత్తం వెడల్పుకి సరిపెడితే దాని ఎత్తు 788 పిక్సెళ్ళు వస్తుంది, పైనా కిందా నలుపు మిగులుతుంది. ఆ నలుపు చూడలేక జూమ్ చేసి నింపుతారు. అప్పుడు వెడల్పులో 41 శాతమే మిగులుతుంది. "వివాహ భోజనంబు"లో లడ్డూలు వాటంతటవే గాల్లో లేచి నోట్లోకి వెళ్ళే ట్రిక్ ఉంది కదా, అటూ ఇటూ పళ్ళేలు కోసేస్తే లడ్డూ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే చేసిన పనంతా ఆ పక్కలలోనే ఉంది. సినిమాస్కోప్ (ఇంకా వెడల్పు తెర, 2.35కి 1) సినిమా అయితే నష్టం ఇంకా ఎక్కువ. నింపితే వెడల్పులో పావు వంతు కూడా మిగలదు. నలుపు ఉండనివ్వండి. ఆ జాగాలో సినిమా పేరు, సంవత్సరం రాసుకోవచ్చు.

రెండోది, కోత. మళ్ళీ ఎన్‌కోడ్ చేయకుండా (అంటే వీడియోని కొత్తగా కుదించి రాయకుండా) నేరుగా ముక్క తీసే పరికరాలు కీఫ్రేమ్ (బొమ్మ మొత్తంగా దాచి ఉంచే ఫ్రేము) దగ్గరే కోయగలవు. కీఫ్రేములు కొన్ని సెకన్లకి ఒకటి ఉంటాయి. మీరు నొక్కిన చోటు రెండు కీఫ్రేముల మధ్య పడితే మాట వినపడుతూ బొమ్మ బిగుసుకుపోతుంది. కాబట్టి కీఫ్రేముకి వెనక్కి జరగండి, లేదా ఆ ముక్కని ఎక్కువ నాణ్యతతో ఒక్కసారి ఎన్‌కోడ్ చేయండి. ఒక్కసారే. కోయడానికొకసారి, పేరు వేయడానికొకసారి, పంపడానికొకసారి చేస్తే నలుపు తెలుపు బొమ్మలో నీడలన్నీ గడులు గడులుగా విడిపోతాయి.

మూడోది పంపడం. వాట్సాప్ మామూలుగా 480కి కుదిస్తుంది, హెచ్‌డీ ఎంచుకుంటే 720. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టే వెళుతుంది గానీ అక్కడే ఆడదు, తెరిచి చూడాలి. గ్రూపుకి హెచ్‌డీ, దాచుకునేవాళ్ళకి డాక్యుమెంట్ నా సలహా.

ఓటీటీ యాప్‌లో స్క్రీన్ రికార్డింగ్ చేసి నల్ల తెర వచ్చిందని అడిగేవాళ్ళు ప్రతి చర్చలోనూ ఉంటారు. అది ఫోన్ లోపం కాదు, కాపీని ఆపే రక్షణ. దాన్ని దాటే ఉపాయాలు ఇక్కడ రాయొద్దు.

తంబూరా

బొమ్మ గురించే మాట్లాడుతున్నారు. పాట సంగతో? పాత వీసీడీ, డీవీడీల నుంచి తీసిన ముక్కల్లో చాలావరకు వేగం తప్పు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మన టీవీ పద్ధతి 25. ఒక్కో ఫ్రేము అలాగే ఉంచి 25తో ఆడిస్తే 4 శాతం వేగం పెరుగుతుంది. 4 నిమిషాల పాట 3 నిమిషాల 50 సెకన్లకే అయిపోతుంది, శ్రుతి అర్ధస్వరంలో ముప్పావు వంతు దాకా పైకెళుతుంది. ఘంటసాల గారి గొంతు పలచబడినట్టు అనిపించేది అందుకే. డిసెంబర్ 4న ఆయన జయంతికి పెట్టే పాటలో ఆయన గొంతే మారిపోతే ఇంకేం పెట్టినట్టు? గ్రామఫోను రికార్డు నుంచి వచ్చిన ఆడియో పక్కన పెట్టి పోల్చండి. తేడా ఉంటే వేగాన్ని 96 శాతానికి దించండి. "శ్రుతి మార్చొద్దు" అనే గడి ఉంటే టిక్ తీసేయండి. వేగంతో పాటు శ్రుతి కూడా దిగాలి.

నల్లకోటు

చట్టం మాట రెండు ముక్కల్లో. 1957 కాపీరైట్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం సినిమాకి రక్షణ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. మాయాబజార్‌కి ఆ లెక్క 2017తో ముగిసింది. దాంతో అంతా అయిపోయిందనుకోకండి. పాట సాహిత్యానికి గడువు వేరు, రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళు. మాయాబజార్ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు, అంటే 2031 చివరిదాకా. కొత్త సినిమాలకైతే అసలు ప్రశ్నే లేదు. 52వ సెక్షన్ వ్యక్తిగత వాడకానికి, విమర్శకి, వర్తమాన సంఘటనల వార్తలకి న్యాయమైన మేర వాడుకోనిస్తుంది. పబ్లిక్ పేజీలో పుట్టినరోజు శుభాకాంక్ష వీటిలో దేనికీ సూటిగా అమరదు. సీను గురించి నాలుగు మాటలు విశ్లేషించి, అవసరమైనంత మేరే చూపిస్తే విమర్శ కిందకి తేవడానికి వాదన ఉంటుంది.

ఇంకొకటి. హీరోల పుట్టినరోజుకి పాత సినిమాలు మళ్ళీ విడుదల చేయడం 2022 ఆగస్టు 9న పోకిరి ప్రత్యేక ప్రదర్శనల నుంచి బాగా ఊపందుకుంది. హాల్లో తెరని ఫోన్లో తీసి స్టేటస్ పెట్టడం అలవాటైంది. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం దీన్ని నేరం చేసింది: 3 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, జరిమానా 3 లక్షల నుంచి మొదలు. జనం ఈలలు, కాగితాలు తీయండి, తెర మీద కెమెరా నిలపకండి.

కొబ్బరాకుపందిరి

కోత కన్నా పెద్ద సమస్య ఎంపిక. శ్రీరామనవమికి లవకుశ (1963) నుంచి సీత అడవిపాలయ్యే ఘట్టం పెడుతున్నారు. నవమి నాడు భద్రాచలంలో జరిగేది కల్యాణం. తలంబ్రాల రోజున సీతమ్మ కన్నీళ్ళా? అదే సినిమాలో పిల్లలిద్దరూ రామకథ పాడే పాట ఉంది, అది పెట్టండి. లేదా బాపు గారి సీతాకల్యాణం (1976) చూడండి.

"వివాహ భోజనంబు"ని పెళ్ళి శుభాకాంక్షగా పంపేవాళ్ళకి కూడా ఒక మాట. కథలో అది చెడగొట్టాల్సిన పెళ్ళి విందు, తింటున్నది చెడగొట్టడానికి వచ్చినవాడు. తెలిసి పంపితే అందంగానే ఉంటుంది.

ఫిబ్రవరి 2 ఇంకా జాగ్రత్త. 1980లో శంకరాభరణం విడుదలైన రోజు అదే, 2023లో కె. విశ్వనాథ్ గారు కన్నుమూసిన రోజూ అదే. ఏ సందర్భానికి పెడుతున్నారో మొదటి వాక్యంలో రాయండి. సంబరం ఎమోజీలు వద్దు.

వెండితెర

గోదారిగట్టు గారి మాటలో నిజముంది, ఫ్యామిలీ గ్రూపులకి ముక్కే నయం. ఆ మేరకు నా వాదన సడలిస్తున్నాను. పబ్లిక్ పేజీలకి మాత్రం లింకే.

జులై 3కి నేను ప్రతిపాదించేది వేరే సీను. సావిత్రి గారు మాయా శశిరేఖగా ఘటోత్కచుడి నడక, చూపు పట్టుకునే ఘట్టం. రంగారావు గారు తెర మీద లేకుండానే కనపడతారు. అయితే ముందు ఆయన శశిరేఖగా మారే ముక్క 15 సెకన్లయినా కలపాలి. అది లేకపోతే కొత్తగా చూసేవాళ్ళకి ఒట్టి అల్లరిపిల్లలా కనపడుతుంది.

గోదారిగట్టు

సీను ఎంపిక బాగుంది. కలర్ ప్రతి నుంచి తీయొచ్చా?

ఎడిటింగ్‌బల్ల

వద్దు. 2010 జనవరి 30న వచ్చిన ఆ ప్రతిని సినిమాస్కోప్‌కి మార్చారు. 1.37 బొమ్మతో 2.35 తెర నింపాలంటే ఎత్తులో 58 శాతమే మిగులుతుంది. ఈ సీన్లో నడక ముఖ్యం, పాదాలు కనపడాలి. నలుపు తెలుపుదే తీయండి.

కొబ్బరాకుపందిరి

పిల్లలు నలుపు తెలుపు చూడగానే దాటేస్తారు. కలర్ చూసి ఆగితే అదీ లాభమేగా?

ఎడిటింగ్‌బల్ల

పాదాలు లేని నడక దగ్గర ఆగి ఏం చూస్తారండి?