“బీపీ తగ్గింది” అంటే జనం ఏమనుకుంటున్నారు?

గుండెజబ్బులు రాకుండా చూసుకోవడం మీద రాజమహేంద్రవరంలో డాక్టర్ల సదస్సు జరగబోతోంది. ప్రసంగాలన్నీ ఇంగ్లీషులోనే. చివరి పూట మాత్రం ఆశా కార్యకర్తలకీ ఏఎన్ఎంలకీ తెలుగులో చెప్తారు. ఆ పూటకి కరపత్రం రాసే పని నాకు అప్పజెప్పారు. రెండు అంశాలకి “ప్రాథమిక నివారణ”, “ద్వితీయ నివారణ” అని పేర్లు పెట్టి పంపారు. నాకు రెండూ నచ్చలేదు. మీ మాట కావాలి.

నివారణ అంటే అసలు అడ్డుకోవడమే. “వద్దని వారించాడు” అన్నప్పుడు మనకీ అదే అర్థం. వాడుకలో మాత్రం వచ్చినదాన్ని పోగొట్టడానికే ఎక్కువగా అంటున్నాం. నొప్పి నివారణ మాత్ర నొప్పి వచ్చాకే వేసుకుంటాం. దోష నివారణ పూజ దోషం ఉందన్నాకే చేయిస్తాం. “గుండెజబ్బుల నివారణ” అని చదివినవాళ్లు ఉన్న జబ్బు పోగొడతారేమో అనుకుంటే వాళ్ల తప్పేముంది? ఇక ప్రాథమిక అంటే పల్లెలో గుర్తొచ్చేవి బడీ, పీహెచ్‌సీ.

డాక్టర్ల లెక్కలో మొదటిది గుండెపోటు ఎన్నడూ రానివాళ్ల సంగతి. రెండోది ఒకసారి వచ్చి బయటపడ్డవాళ్లకీ స్టెంట్ వేయించుకున్నవాళ్లకీ మళ్లీ రాకుండా చూడటం. పేరు మీద ఇంత పట్టుదల ఆస్పిరిన్ వల్ల, అంటే రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర వల్ల. రెండో రకం వాళ్లకి అది మామూలుగా రాసే మందు. మొదటి రకంలో అందరికీ ఇచ్చే పద్ధతి లేదు. ముఖ్యంగా 2018లో మూడు పెద్ద అధ్యయనాలు వచ్చాక డాక్టర్లు బాగా వెనక్కి తగ్గారు, రక్తస్రావం ముప్పు ముందు లాభం నిలవట్లేదని. పక్కింటాయన వేసుకుంటున్నాడని తనూ రోజూ ఒకటి మింగే మనిషికి తాను ఏ వరసలో ఉన్నాడో తెలియాలి కదా. “పోటు రాకముందు”, “పోటు వచ్చి బయటపడ్డాక” అని రాద్దామనుకుంటున్నాను.

భీమవరం దగ్గర పల్లె నుంచి, ఆశా కార్యకర్త

మీరు రాసిన రెండూ బాగున్నాయండి, అలాగే ఉంచండి. కానీ మమ్మల్ని రోజూ ఇబ్బంది పెట్టే మాట వేరే ఉంది. “తగ్గింది.” బీపీ చూస్తాం, 130/80 వస్తుంది. “తగ్గిందండీ బాబాయిగారూ” అంటాం సంతోషంగా. “తగ్గిపోయిందా తల్లీ, మరింకెందుకూ బిళ్లలు” అంటారు ఆయన. మళ్లీ వెళ్లేసరికి 170. “మీరే కదమ్మా తగ్గిందన్నారు” అని మమ్మల్నే అడుగుతారు. ఆయన అబద్ధం ఆడలేదు, మేమూ ఆడలేదు.

అమలాపురం, తెలుగు మాస్టారు

అమ్మా, అసలు విషయం మీరు పట్టుకున్నారు. తగ్గు అన్న క్రియ మనకి రెండు పనులు చేస్తుంది. ధర తగ్గింది, ఎండ తగ్గింది అంటే కొలత దిగింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది అంటే నయమైపోయింది. రోగం పేరు పక్కన చేరితే మన చెవికి రెండో అర్థమే ముందు వినిపిస్తుంది. బీపీ ఏమో రోగం పేరూ అవుతుంది, కొలత పేరూ అవుతుంది. అక్కడే చిక్కు. డెల్టావాళ్లకి చెప్పాలంటే వరదతో చెప్పండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నీరు దిగి హెచ్చరిక తీసేస్తే వరద తగ్గిందంటాం. అంతమాత్రాన గోదావరికి ఇక గట్లు అక్కర్లేదని లంకల్లో పిల్లాడు కూడా అనడు.

కాకినాడ, డాక్టరు

మాస్టారి వరద మాట నేనూ వాడుకుంటాను. 140/90 దాటితే బీపీ ఎక్కువని లెక్క. దానికి నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. అందుకే మాత్ర మానేసినా ఆ రోజుకి ఏమీ తెలియదు. ఇది పట్నం జబ్బనుకునేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. 2003-04లో మన గోదావరి పల్లెల్లోనే, 45 ఊళ్లలో, ప్రతి చావుకీ కారణం ఆరా తీశారు. దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. ఆ ఆరా తీసే పద్ధతికి “మౌఖిక శవపరీక్ష” అని తెలుగు చేస్తున్నారు. చనిపోయినవాళ్ల ఇంటికి వెళ్లి, అయినవాళ్లని కూర్చోబెట్టి, చివరి రోజుల్లో ఏం జరిగిందో అడగడం అది. ఆ ఇంట్లో ఈ మాట ఎవరు పలకగలరు?

బీపీ విషయంలో “అదుపులో ఉంది” అంటే సరిపోతుందని నా అభిప్రాయం.

పాలకొల్లు నుంచి

అదుపు పేపర్లో మాటండి, పోలీసులు అదుపులోకి తీసుకున్నారని రాస్తారు. మా అమ్మ “కంట్రోల్లో ఉంది” అంటుంది, మా వీధంతా అదే అంటుంది. తెలుగు మాట కాదని తీసేయకండి.

ఇంకొకటి. “ఉప్పు తగ్గించండి” అని ఊరికే రాయొద్దు. మా ఇంట్లో కూరలో ఉప్పు నిజంగానే తగ్గించారు. చప్పగా ఉందని పక్కన ఆవకాయ పెచ్చు ఒకటికి రెండయ్యాయి, ఉప్పుచేప ఎలాగూ ఉంది. మొత్తం కలిపి రోజుకి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది కదా. చిన్న చెంచాడు అని రాసి, ఊరగాయ, అప్పడం, ఎండుచేప అందులోకే వస్తాయని పేర్లు పెట్టి చెప్పండి.

మొదట అడిగినవారు

అందరికీ నమస్కారం. కంట్రోలే ఖాయం చేశాను. కరపత్రంలో వాక్యం ఇది: “మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే బీపీ కంట్రోల్లో ఉంది. డాక్టరుని అడక్కుండా ఆపొద్దు, ఆపితే మళ్లీ పెరుగుతుంది.” ఆశా చెల్లెళ్లు కూడా తగ్గింది అనకుండా “ఈ రోజు 130 ఉంది, మాత్ర పనిచేస్తోంది” అంటే బాగుంటుంది. ఉప్పుకి ఊరగాయ వాక్యం చేర్చాను.

“ప్రమాద కారకాలు” అన్నది తీసేసి “గుండెకి ముప్పు తెచ్చేవి” అని రాశాను. ప్రమాదం అంటే మనకి రోడ్డు మీద జరిగేదే. ఇంటర్‌హార్ట్ అని 2004లో 52 దేశాల లెక్క వచ్చింది. మొదటిసారి వచ్చే గుండెపోట్లలో నూటికి తొంభైకి పైగా తొమ్మిది విషయాలతోనే ముడిపడి ఉన్నాయని తేల్చారు. పొగ, బీపీ, షుగర్, కొవ్వు, నడుం చుట్టూ పెరిగే పొట్ట అందులోవే. వీటన్నిటికీ ఊళ్లో మాటలున్నాయి, పొగ దగ్గర మాత్రం ఆగిపోయాను. “పొగతాగుతారా” అంటే సిగరెట్టే అనుకుని లేదనేస్తారు, జేబులో లంక పొగాకు చుట్ట ఉంటుంది. బీడీ, నమిలే పొగాకు కూడా గుండెపోటు ముప్పు పెంచుతాయని అదే అధ్యయనం 2006లో చెప్పింది. చుట్ట, బీడీ, సిగరెట్, ఖైనీ అని విడివిడిగా అడగమని రాస్తున్నాను. రాజోలు, నరసాపురం వైపు నమిలేదానికి వేరే పేరేదైనా వాడుకలో ఉంటే అచ్చుకి వెళ్లేలోపు చెప్పండి.