అప్‌డేట్: ఉప్పాడ పాత ఫైబర్ బోటు సంగతి

ఉప్పాడలో ఒక పాత ఫైబర్ బోటు లక్షా 60 వేలు చెబుతున్నారు, ఇంజను విడిగా, కొని బాగు చేయించుకోవచ్చా అని అడిగాను కదా. "ముందుగా వెనక చెక్క చూడు" అన్నారు చాలామంది, అంటే బోటు వెనక ఇంజను బిగించే చోట ఫైబర్ లోపల ఉండే చెక్క. మీ మాటే నిజమైంది.

మా బావా నేనూ ఒక ఫైబర్ మేస్త్రీని వెంటబెట్టుకెళ్లాం. ఆయన జేబులోంచి 10 రూపాయల బిళ్ల తీసి బోటంతా కొట్టుకుంటూ పోయాడు. పక్కలు టంగుమన్నాయి. ఇంజను బిగించే చోట మాత్రం తడిసిన అట్టపెట్టెలా డబ్ డబ్. అక్కడ ఒక బోల్టు ఊడదీస్తే నల్లటి నీళ్లు కారాయి. లోపలి చెక్కంతా పుచ్చిపోయింది. పైన మాత్రం కొత్త నీలం రంగు, పెళ్లికొడుకులా!

వదిలేద్దామనుకున్నా. కానీ అడుగు గట్టిగా ఉంది, చెక్క మార్చి మళ్లీ మ్యాట్ (గాజు పీచు గుడ్డ), రెజిన్ (దాన్ని గట్టిపరిచే జిగురు) వేస్తే చాలన్నాడు మేస్త్రీ. ఖర్చు 40 వేలు. అది చూపించి బేరం లక్షా 10 వేలకి దింపాం.

అసలు టెన్షన్ కాగితాల దగ్గర. రిజిస్ట్రేషన్ ఇంకా అమ్మే ఆయన వాళ్ల నాన్న పేరు మీదే ఉంది, ఆ నాన్నేమో చనిపోయాడు. అందుకే 20 వేలే అడ్వాన్స్ ఇచ్చా, మిగతాది పేరు మారాకే. చెక్క పని కూడా అప్పుడే మొదలుపెడతాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట నిషేధం, ఆ 61 రోజుల్లో అయిపోతే అదృష్టమే. ఇంజను సంగతి ఇంకా తేలలేదు.