బంకమట్టి కన్సాలిడేషన్ పరీక్ష: గది ఉష్ణోగ్రత మారితే ఫలితం ఎంత మారుతుంది?

ప్రశ్న:
విశాఖ తీరపు మెత్తని సముద్రపు బంకమట్టిపై మా ప్రయోగశాలలో ఓడోమీటర్ పరీక్షలు (మట్టి ముక్కపై భారం వేసి, నీరు బయటికి పోతూ అది కుంగడాన్ని, అంటే కన్సాలిడేషన్‌ను, కొలిచేవి) చేస్తున్నాము. గది 25 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు వచ్చిన కన్సాలిడేషన్ గుణకం (కుంగుదల వేగపు కొలత) కంటే, వేసవిలో 35 డిగ్రీల వద్ద అదే నమూనా గొట్టం నుంచి కోసిన ముక్కకు వచ్చిన గుణకం దాదాపు పాతిక శాతం ఎక్కువగా ఉంది. కంప్రెషన్ ఇండెక్స్ (భారం పెరిగినకొద్దీ మట్టి ఎంత కుదించుకుంటుందో చూపే వక్రరేఖ వాలు) మాత్రం మారలేదు. ఇది నమూనాల మధ్య సహజంగా ఉండే తేడాయేనా, లేక వేడి ప్రభావమా? నివేదికలో ఏ విలువ ఇవ్వాలి?

మొదటి సమాధానం:
ఆ తేడాకు వేడి ఒక్కటే సరిపోతుందండి. మట్టి రంధ్రాల్లోని నీరు ఎంత త్వరగా బయటికి పోతే కన్సాలిడేషన్ అంత త్వరగా ముగుస్తుంది. ఆ నీటి స్నిగ్ధత 25 డిగ్రీల వద్ద సుమారు 0.89 మిల్లీపాస్కల్ సెకన్లు ఉంటే, 35 వద్ద 0.72కు పడిపోతుంది. పారగమ్యత (మట్టి గుండా నీరు పారే సులువు) స్నిగ్ధతకు విలోమానుపాతంలో ఉంటుంది కాబట్టి, మిగతావన్నీ మారకుండా ఉంటే గుణకం సుమారు 24 శాతం పెరగాలి. పారగమ్యత పరీక్షకు భారత ప్రమాణం ఐఎస్ 2720 పదిహేడవ భాగం 27 డిగ్రీలను ఆధారంగా తీసుకుంటుంది. మీరు కూడా రెండు ఫలితాలనూ స్నిగ్ధతల నిష్పత్తితో ఆ ఉష్ణోగ్రతకు మార్చి, పరీక్ష జరిగిన అసలు ఉష్ణోగ్రతను పక్కనే రాయండి.

రెండవ సమాధానం:
పై లెక్క కుంగుదల వేగానికే వర్తిస్తుంది; కుంగుదల పరిమాణం సంగతి వేరు. మట్టిని వేడి చేసినకొద్దీ ప్రీకన్సాలిడేషన్ పీడనం (ఏ పీడనం దాటాక మట్టి ఎక్కువగా కుంగుతుందో అది) తగ్గుతుంది, భారం–కుంగుదల వక్రరేఖ ఎడమకు జరుగుతుంది, దాని వాలు మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. మీ కంప్రెషన్ ఇండెక్స్ మారకపోవడానికి కారణం అదే. కాంపనెల్లా, మిచెల్ అనే పరిశోధకులు 1968లోనే చూపినట్లు, నీరు బయటికి పోయే వీలుంచి వేడి చేస్తే సాధారణ కన్సాలిడేషన్ స్థితిలోని (ఇప్పటి కంటే ఎక్కువ భారం ఎన్నడూ మోయని) బంకమట్టి సంకోచిస్తుంది, చల్లార్చినా పూర్తిగా వెనక్కి రాదు. గతంలో బాగా ఎక్కువ భారం మోసిన మట్టి మాత్రం వ్యాకోచిస్తుంది. నీటికి దారి లేకపోతే, అది ఖనిజ రేణువుల కంటే ఎన్నో రెట్లు వ్యాకోచిస్తుంది కాబట్టి, రంధ్ర పీడనం పెరుగుతుంది. అందువల్ల రోజుల తరబడి సాగే ద్వితీయ సంపీడన (రంధ్రాల్లోని అదనపు నీటి పీడనం తగ్గిపోయాక కూడా నెమ్మదిగా సాగే కుంగుదల) పరీక్షలో గది సగటు ఉష్ణోగ్రత కంటే పగటికీ రాత్రికీ మధ్య ఊగిసలాటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఏసీని రాత్రిపూట ఆపకండి.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలు. మరి క్షేత్రంలోని మట్టికి ఏ ఉష్ణోగ్రత తీసుకోవాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
కొన్ని మీటర్ల లోతు దాటాక నేల ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు వార్షిక సగటు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా స్థిరపడుతుంది కనుక, మన తీరంలో 27 డిగ్రీలకు సరిచేసిన విలువను నేరుగా వాడవచ్చు. బ్రిటన్‌లో ఈ వెసులుబాటు లేదు: 20 డిగ్రీల ప్రయోగశాల నుంచి సుమారు 10 డిగ్రీల నేలకు వెళ్తే నీటి స్నిగ్ధత 30 శాతం పెరిగి, కుంగుదలకు ఆ మేరకు ఎక్కువ కాలం పడుతుంది. అయితే మీ మట్టిలో పలుచని ఇసుక పొరలు ఉంటే, నీరు పక్కకు పారే వేగం ఈ సవరణను మించిన తేడా తెస్తుంది. ముందు బోర్‌హోల్ రికార్డు (నేలలో తవ్విన రంధ్రంలో ఏ లోతున ఏ పొర తగిలిందో చెప్పేది) చూడండి.