వేట నిషేధ కాలంలో బోట్ల యార్డులో దొంగతనాలు: కాపలా ఎలా పెట్టుకోవాలి?

ప్రశ్న (బోటు యజమాని, కాకినాడ)

అందరికీ నమస్కారమండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మర బోట్లకు వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలల్లోనే మేము బోట్లను ఒడ్డుకు లాగి చెక్క పని, రంగులు, ఇంజను మరమ్మతులు చేయించుకుంటాం. ఉప్పుటేరు ఒడ్డున ఉన్న మా చిన్న యార్డులో ఈసారి పదకొండు బోట్లు ఉన్నాయి. మే నెలలో ఒక రాత్రి మూడు బోట్లలో బ్యాటరీలు, ఒకదాంట్లో జీపీఎస్ సెట్టు, మరమ్మతు కోసం విప్పి పక్కన పెట్టిన కంచు ఫ్యాను (నీటిలో తిరిగి బోటును ముందుకు నెట్టే ప్రొపెల్లరు) పోయాయి. తెల్లవారాక బోటు ఎక్కి చూస్తే బ్యాటరీ తీగలను ఎవరూ కోయలేదు. నట్లను స్పానరుతో నెమ్మదిగా విప్పి, చెక్క మీద వరసగా పేర్చి వెళ్ళారు.

యజమానులందరం కలిస్తే లక్షన్నర రూపాయల వరకు పెట్టగలం. మూడు వైపులా ముళ్ళ కంచె ఉంది, ఏటి వైపు మాత్రం ఏమీ లేదు, అక్కడ గోడ కట్టే వీలూ లేదు. ఈ డబ్బును కెమెరాలకు పెట్టాలా, కాపలా మనిషికి పెట్టాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు (ఓడరేవు భద్రతా విభాగంలో పనిచేసి రిటైరైనవారు, విశాఖపట్నం)

మీరు రాసినదాంట్లో నట్ల సంగతే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. చీకట్లో కంగారుగా వచ్చినవాడు తీగ కోసుకుని పోతాడు. కొలత సరిపోయే స్పానరు వెంట తెచ్చుకుని, ఏ బోటులో బ్యాటరీ ఎక్కడుంటుందో వెతుక్కోకుండా వెళ్ళినవాడు పగటి పూట ఆ యార్డులో తిరిగినవాడే అయి ఉంటాడు, లేదా అలా తిరిగినవాడి దగ్గర సమాచారం విన్నవాడై ఉంటాడు. మీ దగ్గర పనిచేసే వడ్రంగులనో వెల్డర్లనో అనుమానించమని నేను చెప్పడం లేదు. ఎవరు వస్తున్నారో, ఏది బయటికి పోతోందో లెక్క లేని చోట మంచివాళ్ళ మీద కూడా నింద పడుతుంది, అది నేను కళ్ళారా చూశాను.

అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడలకు, అవి ఆగే రేవులకు 2004 జూలై 1 నుంచి ఐఎస్‌పీఎస్ అనే అంతర్జాతీయ భద్రతా నియమావళి అమలులో ఉంది. అది మీ యార్డుకు వర్తించదు గానీ, అందులోని అసలు సూత్రం మీకు పైసా ఖర్చు లేకుండా పనికొస్తుంది: లోపలికి వచ్చే ప్రతి మనిషికీ ఒక కారణం ఉండాలి, ఆ కారణానికి బాధ్యుడైన ఒక మనిషి ఉండాలి. కంచెలో ఒక్క దారే ఉంచండి. అక్కడ ఒక పుస్తకం పెట్టి పేరు, ఫోను నంబరు, ఏ బోటు పనికి వచ్చారు, ఎన్ని గంటలకు వెళ్ళారు అన్నవి రాయించండి. సామాను ఏదైనా బయటికి వెళ్ళాలంటే ఆ బోటు యజమాని సంతకం చేసిన చీటీ ఉండాలి. యజమాని సామానుకైనా సరే ఈ నియమం సడలించకండి, ఒకసారి సడలిస్తే మర్నాటి నుంచి పుస్తకం ఎవరూ తెరవరు.

జవాబు (సరంగు, అంటే బోటు నడిపేవారు, నిజాంపట్నం)

పెద్దాయన చెప్పింది సరైనదే, కానీ అది గేటు సంగతి. కంచు ఫ్యానును మోసుకుని ముళ్ళ కంచె దాటడం కష్టమండి, అది ఏటి మీదే పోయి ఉంటుంది. ఆ రోజు పోటు ఎన్ని గంటలకు వచ్చిందో ఒకసారి చూడండి. పోటు మీద చిన్న తెప్ప చప్పుడు లేకుండా మీ బోటు పక్కకే వచ్చి ఆగుతుంది. ఆటు సమయంలో వచ్చినవాడు మోకాలి లోతు బురదలో నడవాలి, అడుగులు మిగులుతాయి. అందుకే మా దగ్గర కాపలా మనిషికి గడియారం చూసి కాకుండా పోటు చూసి వేళలు పెడతాం. పోటు రోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి అతను తిరిగే వేళ కూడా రోజూ మారుతుంది, బయటివాడు ముందుగా లెక్క కట్టడం అంత తేలిక కాదు.

జవాబు (మెరీనా ఉద్యోగి, ఫ్లోరిడా)

ఇక్కడి మెరీనాల్లో, అంటే షికారు బోట్లు నిలిపే రేవుల్లో, దొంగలు ఎక్కువగా అవుట్‌బోర్డ్ మోటార్ల (బోటు వెనక బయటి వైపు బిగించేవి) కోసం వస్తారు. అమెరికాలో తయారయ్యే ప్రతి బోటుకూ 12 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. 1984 ఆగస్టు నుంచి ఆ సంఖ్యను వెనక భాగంలో కనబడేలా ఒకచోట, బయటికి కనబడకుండా మరొకచోట, మొత్తం రెండుసార్లు వేయాలన్న నిబంధన ఉంది. పైకి కనిపించేదాన్ని దొంగ చెరిపేసినా లోపలిది మిగులుతుంది. మీరూ ఈ పద్ధతినే పాటించవచ్చు. ఫ్యాను రెక్క మీద ఒకచోట, షాఫ్టు దూరే రంధ్రం లోపలి అంచున మరొకచోట బోటు రిజిస్ట్రేషన్ నంబరును పంచితో కొట్టించి ఫోటో తీసి పెట్టుకోండి. కంచును కరిగిస్తే గుర్తు పోతుంది, నిజమే, కానీ నంబరున్న సరుకును కొనడానికి పాత ఇనుము వ్యాపారి వెనకాడతాడు.

జవాబు (కెమెరాలు బిగించే టెక్నీషియన్, విశాఖపట్నం)

నా పని కెమెరాలు అమ్మడమే అయినా, ముందు కాపలా మనిషినే పెట్టుకోమని చెబుతాను. మన తీరంలో చాలా కెమెరాలను సముద్రం వైపు, అంటే తూర్పుకు తిప్పి బిగిస్తారు. తెల్లవారుజామున ఎండ నేరుగా అద్దంలో పడి, తీరా చూడవలసిన వేళకు తెల్లటి మరక తప్ప ఏమీ కనబడదు. పైగా అద్దం మీద ఉప్పు పొర కడుతుంది, వారానికొకసారి మంచినీళ్ళతో తుడవకపోతే రాత్రి బొమ్మ పూర్తిగా మసకబారుతుంది. నీటి మీద కదలికను పట్టే పరికరాలు అలలకూ కొంగలకూ మోగుతూనే ఉంటాయి. నాలుగు రోజులకే విసుగొచ్చి ఎవరో ఒకరు దాని గొంతు నొక్కేస్తారు. రెండే కెమెరాలు కొనండి: ఒకటి గేటులో మనిషి ముఖం ఎత్తున, మరొకటి ఏటి గట్టు పొడవునా పక్క నుంచి చూసేలా. దీపాలను నీటి అంచు మీదికి వంచండి. కాపలా మనిషి వెనక దీపం ఉంటే అతను అందరికీ కనిపిస్తాడు, అతనికి మాత్రం ఎవరూ కనబడరు.

ఇంకొక్క మాట. 2023 నవంబరు 19 రాత్రి మా ఫిషింగ్ హార్బర్‌లో నిప్పంటుకుని దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. పక్కపక్కనే కట్టిన బోట్లలో డీజిల్, గ్యాస్ సిలిండర్లు ఉంటే మంటలు ఆగవు. తెల్లారి నల్లబడిన ఇంజన్ల పక్కన నిలబడ్డ కుటుంబాలను చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, యార్డులోకి పరాయి మనిషి రాకూడదనడానికి బ్యాటరీ ఒక్కటే కారణం కాదు. మీ కాపలా మనిషికి టార్చితో పాటు ఇసుక బకెట్లు, మంటలార్పే సిలిండరు తప్పకుండా ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. సరంగు గారు చెప్పినట్టు చూస్తే, ఆ రాత్రి పోటు రెండున్నర ప్రాంతంలో వచ్చింది. మేము పెట్టిన కుర్రవాడు రోజూ పన్నెండింటికీ నాలుగింటికీ తిరుగుతాడు. ఇంకొక ఇబ్బంది ఉంది: ఫిర్యాదు ఇవ్వడానికి వెళితే ఒక స్టేషనువారు ఇది మెరైన్ పోలీసులదని, వారేమో గట్టు మీద జరిగింది కాబట్టి తమది కాదని అన్నారు.

జవాబు (ఓడరేవు భద్రతా విభాగంలో పనిచేసి రిటైరైనవారు, విశాఖపట్నం)

పరిధి తమది కాదన్న కారణంతో ఫిర్యాదును తిప్పి పంపకూడదండి. కొత్త నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, దాన్ని తగిన స్టేషనుకు పంపడం వారి పని. పోయిన వస్తువుల పట్టిక, కొన్న బిల్లులు, జీపీఎస్ సెట్టు సీరియల్ నంబరు జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి. దొంగ సొత్తని తెలిసి కొనడం కూడా నేరమే కాబట్టి, పాత ఇనుము కొట్లలో విచారించమని అందులోనే కోరండి. ఏటిలోకి రాత్రి పూట కొత్త తెప్పలు వస్తే తీర భద్రతా నంబరు 1093కు అప్పటికప్పుడే ఫోను చేయమని కాపలా కుర్రవాడికి చెప్పండి. 2008లో ముంబయికి వచ్చిన ఉగ్రవాదులు నడిసముద్రంలో ఒక చేపల బోటునే పట్టుకుని వచ్చారు. అందుకే అలాంటి ఫోన్లను ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

ప్రశ్న అడిగినవారు

అలాగేనండి. ఫిర్యాదు కాగితం ఈ రాత్రికే రాసి పెడతాను. ఆదివారం యజమానులందరం కూర్చుని గేటు పుస్తకం మొదలుపెడుతున్నాం, కుర్రవాడికి జూన్ 14 వరకు పోటు వేళల పట్టిక రాసి ఇస్తున్నాం. పంచి కొట్టే మనిషి దొరికాడు, ముందుగా మిగిలిన పది ఫ్యాన్లకూ నంబర్లు వేయిస్తాం.