కుమి మిజునో కైజు సినిమాలు: ఏ వరసలో, ఏ ప్రింటు చూడాలి?

పాతరీలు:
1960ల్లో జపాన్ స్టూడియో తోహో తీసిన రాకాసి (కైజు) సినిమాల్లో జపాన్ నటి కుమి మిజునో నటించినవన్నీ వరసపెట్టి చూద్దామనుకుంటున్నాను. మూడు చోట్ల చిక్కుపడ్డాను. ఒకటి, అందరూ ఆవిడని గాడ్జిల్లా నటి అంటారు, జాబితా చూస్తే గాడ్జిల్లా సినిమాలు తక్కువే ఉన్నాయి. రెండు, 1965 ఫ్రాంకెన్‌స్టైన్ సినిమాలోని డాక్టర్ సుయెకో, 1966 సాండా-గైరా సినిమాలోని అకెమి ఒకే మనిషా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. మూడు, ఒక్కో సినిమాకి రెండు మూడు ప్రింట్లు తిరుగుతున్నాయి, ఏది అసలుదో పోల్చుకునేదెలా? కథ ముందే తెలిసిపోయినా పర్వాలేదండీ.

ఆరోవరుస:
గాడ్జిల్లా లెక్క ముందు తేల్చేద్దాం. 60ల్లో ఆవిడ చేసిన గాడ్జిల్లా సినిమాలు రెండే: 1965 డిసెంబరు 19న వచ్చిన 'కైజు దైసెన్సో', దాదాపు ఏడాదికి 1966 డిసెంబరు 17న వచ్చిన ఎబిరా (పెద్ద రొయ్య లాంటి రాకాసి) సినిమా. మళ్ళీ 2002లో ప్రధానమంత్రి మచికో త్సుగేగా, 2004 'ఫైనల్ వార్స్'లో కమాండర్ నమికవాగా కనిపించారు. వెరసి నాలుగు. గాడ్జిల్లా లేని వాటిలోనే అసలు సరుకుంది.

వరస ఇలా పెట్టుకోండి: 'గోరాస్' (1962), 'మతాంగో' (1963), ఫ్రాంకెన్‌స్టైన్ బారగాన్ అనే రాకాసితో తలపడే ఫ్రాంకెన్‌స్టైన్-బారగాన్ (1965 ఆగస్టు), 'కైజు దైసెన్సో', సాండా-గైరా (1966 జులై), ఎబిరా. విడుదల క్రమం ఇదే, చూడ్డానికీ ఇదే మేలు. ఓపిక లేకపోతే 'గోరాస్' వదిలేయండి. భూమికి 6,000 రెట్లు బరువున్న నక్షత్రం దూసుకొస్తుంటే దక్షిణ ధ్రువంలో రాకెట్లు బిగించి భూమినే పక్కకి జరుపుతారు. ఊహ బ్రహ్మాండం, కానీ అందులో మిజునోకి పనేమీ లేదు.

'మతాంగో' మాత్రం వదలొద్దు. పడవ చెడి ఏడుగురు ఒక దీవికి కొట్టుకొస్తారు. తిండి లేదు, ఉన్నవి పుట్టగొడుగులే. తిన్నవాళ్ళు మెల్లగా పుట్టగొడుగులైపోతారు. మిజునో వేసిన మామి ఒక గాయని, పడవ యజమాని ప్రియురాలు. మిగతావాళ్ళు ఆకలికి ఎండిపోతుంటే, పుట్టగొడుగులు తిన్న మామి ముఖంలో మాత్రం కళ పెరుగుతూ ఉంటుంది. మేకప్, లైటింగ్ రెండూ పనిగట్టుకుని అలా చేశారు. వానలో నవ్వుతూ పాత ప్రియుణ్ణి తినమని పిలిచే సీను చూడండి, ఈ జాబితా మొత్తంలో ఆవిడ నటన అంతా అక్కడుంది. నటులు నమిలినవి బియ్యప్పిండి మిఠాయిలు. కళ్ళముందే ఉబ్బి పెరిగేవి పాలియురెథేన్ నురగ.

షోవా సాంబ:
రెండో ప్రశ్నకి: ఒకే మనిషి కాదు. జపనీస్ ప్రింటులో ఇద్దరికీ పేర్లే వేరు. ఒకరు సుయెకో తొగామి, ఇంకొకరు అకెమి తొగావా. పక్కన ఉండే అమెరికన్ శాస్త్రవేత్తా వేరే. 1965లో నిక్ ఆడమ్స్ వేసిన డాక్టర్ బోవెన్, 1966లో రస్ టాంబ్లిన్ వేసిన డాక్టర్ స్టూవర్ట్. కథ మాత్రం మొదటిదాని కణాల నుంచే పుడుతుంది, గైరా, సాండా ఇద్దరూ ఫ్రాంకెన్‌స్టైన్ శరీరం నుంచి వచ్చినవాళ్ళే. అందుకే చూసేవాళ్ళు ఆవిణ్ణి అదే డాక్టరమ్మ అనుకుంటారు. చిన్నప్పటి రాకాసిని సాకిన జ్ఞాపకం కూడా అకెమికి ఉంటుంది, చిక్కు పెరిగేది అక్కడే. 'కొనసాగింపు' అనేకంటే 'అదే ఇంటి ఇంకో గది' అనుకుంటే తలనొప్పి ఉండదు.

చిక్కుకి రెండో కారణం సాండా-గైరా అమెరికా ప్రింటు. అందులో ఫ్రాంకెన్‌స్టైన్ అన్న మాటే లేకుండా తీసేశారు. జపనీస్ పేరులోనే ఆ మాట ఉంది: 'ఫురాంకెన్‌షుతైన్ నో కైజు'. కాబట్టి పోల్చుకోవడం తేలిక. మాటల్లో ఎక్కడా ఫ్రాంకెన్‌స్టైన్ అని వినపడకపోతే మీరు చూస్తున్నది అమెరికా ప్రింటు. అక్కడ ఆ సినిమా 1970లో 'మాన్‌స్టర్ జీరో'తో కలిపి జోడీగా వచ్చింది. ఈ 'మాన్‌స్టర్ జీరో' అంటే మన 'కైజు దైసెన్సో'నే, వేరే సినిమా అనుకుని మళ్ళీ వెతక్కండి.

ఫ్రాంకెన్‌స్టైన్-బారగాన్‌కి పరీక్ష చివరి సీను. బారగాన్ చచ్చాక నేల కుంగి ఫ్రాంకెన్‌స్టైన్‌ని మింగేస్తే అది జపాన్ థియేటర్ ప్రింటు. కొండ మీదికి ఉన్నట్టుండి పెద్ద ఆక్టోపస్ వచ్చి నీళ్ళలోకి లాక్కుపోతే అది ఇంకో వెర్షన్. అమెరికా భాగస్వామి అడిగారని తీశారు, తీరా అమెరికా విడుదలలో కూడా వాడలేదు. కొండల్లో ఆక్టోపస్ ఏమిటని అడక్కండి.

పాతరీలు:
చాలా థాంక్సండీ. మరి భాష సంగతి? నిక్ ఆడమ్స్‌తో సీన్లలో పెదాలు ఒకదానికొకటి కలవడం లేదు. డబ్బింగ్ నాసిరకమా, ప్రింటు చెడిందా?

డబ్బింగ్‌గది:
రెండూ కాదు. సెట్లో ఆడమ్స్ ఇంగ్లీషులో మాట్లాడేవాడు, మిజునో జపనీస్‌లో జవాబిచ్చేది. అందుకని ఏ ప్రింటు తీసుకున్నా ఒకరి పెదాలు తప్పుతాయి. జపనీస్ ప్రింటులో ఆడమ్స్‌కి గోరో నయా గొంతిచ్చాడు, మిజునోది సొంత గొంతు. ఇంగ్లీషు ప్రింటులో ఆడమ్స్‌ది సొంత గొంతు, మిజునోకి వేరెవరో. ఇద్దరి గొంతులూ అసలువి ఉన్న ప్రింటు కోసం వెతికితే దొరకదు. మీరు చూసేది మిజునో కోసం కాబట్టి జపనీస్ ఆడియో, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

'కైజు దైసెన్సో'లో ఈ ఎంపిక మరీ ముఖ్యం. అందులో మిజునో వేసిన నమికవా ఎక్స్ గ్రహం గూఢచారి. ఆ గ్రహం ఆడవాళ్ళందరిదీ అదే ముఖం, మనసులో ఏమనుకోవాలో కంప్యూటరే చెబుతుంది. మొదట్లో ఆవిడ గొంతు కావాలనే చదునుగా ఉంటుంది. ఆడమ్స్ వేసిన గ్లెన్‌ని నిజంగా ప్రేమించానని ఒప్పుకునేచోట ఆ చదును విరుగుతుంది. ఇంగ్లీషు గొంతులో మొదటి నుంచీ ఒకే తడి, తేడా తెలియదు. వెంటనే సొంతవాళ్ళే కిరణంతో కాల్చేస్తారు. గ్లెన్ జేబులో ఆవిడ పెట్టిన చీటీ వల్లే శత్రువు ఏ శబ్దానికి తట్టుకోలేడో బయటపడుతుంది. గాడ్జిల్లా, రోడాన్ ఎంత తన్నుకున్నా యుద్ధం గెలిపించింది ఆ కాగితమే.

ఇంకొకటి, ఫ్రేము చూసుకోండి. ఇవన్నీ తోహోస్కోప్, అంటే 2.35:1. పాత టీవీ ప్రింట్లు 1.33:1కి కోసినవి, నలభై శాతం పైన బొమ్మ పోతుంది. దర్శకుడు హోండా ఇషిరో ముగ్గురు నలుగుర్ని ఒకే ఫ్రేములో అడ్డంగా నిలబెడతాడు. చివర నిలబడ్డ మనిషి కోతలో ఎగిరిపోతుంది, చాలాసార్లు అది మిజునోనే. తెర నిండా నిలువుగా బొమ్మ కనపడితే ఆ ప్రింటు పక్కన పెట్టేయండి.

షోవా సాంబ:
ఎబిరా గురించి ఎవరూ చెప్పలేదు, నేనే కలుపుతాను. అందులో దాయో పాత్ర ఆవిడ కోసం రాసింది కాదు. నొరికో తకహాషిని తీసుకున్నారు, ఆమెకి అపెండిసైటిస్ రావడంతో మిజునో వచ్చింది. అసలా కథే కింగ్ కాంగ్ కోసం రాసుకున్నది. గాడ్జిల్లా కూర్చుని దాయో వైపు అలా చూస్తూ ఉండిపోవడం, పిడుగుపాటుతో లేవడం, అన్నీ కాంగ్ బుద్ధులే. దర్శకుడు కూడా హోండా కాదు, జున్ ఫుకుదా. పాత్ర పల్చగా అనిపిస్తే తప్పు నటిది కాదు.

ఆరోవరుస:
ఒక చిన్న సవరణ, పల్చదనం అంతా ఆ మార్పు వల్లే కాదు. 'మతాంగో', 'గోరాస్', ఫ్రాంకెన్‌స్టైన్ రాసింది తకేషి కిమురా. సాండా-గైరా హోండాతో కలిసి రాశాడు. చివరి రెండిటికి పేరు కవొరు మబుచి అని పడుతుంది, మనిషి ఒకడే. ఎబిరా, 'కైజు దైసెన్సో' రాసింది షినిచి సెకిజావా. ఆయన చెయ్యి సరదా వైపు, కిమురాది చీకటి వైపు. నమికవా ఒక్కతే దీనికి మినహాయింపు. 2004లో కమాండర్‌కి అదే పేరు పెట్టారంటే ఆ పాత్ర ఎంత నిలిచిపోయిందో చూడండి.

పాతరీలు:
అర్థమైంది. ఈ వారం 'మతాంగో', జపనీస్ ఆడియో, వెడల్పు ప్రింటు. సాండా-గైరా చూసేటప్పుడు 'ఫ్రాంకెన్‌స్టైన్' అన్న మాట వినపడుతుందో లేదో చెవి పెట్టి చూసుకుంటాను.

డబ్బింగ్‌గది:
'మతాంగో' మొదటి సీను కత్తిరించిన ప్రింటైతే మొదలెట్టకండి. ఆసుపత్రి గదిలో వీపు చూపిస్తూ ఒకడు మాట్లాడతాడు, కిటికీ బయట టోక్యో నియాన్ దీపాలు. చివర్లో అతను ఇటు తిరుగుతాడు.