అంతరిక్షంలో సోలార్ ప్యానెళ్లు పెట్టి కరెంటు కిందికి పంపడం: జరిగే పనేనా?

మేఘమాల: 2023లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయం వాళ్ల ప్రయోగ పరికరం కక్ష్య నుంచి మైక్రోవేవ్‌లు పంపితే, పాసడీనాలో వాళ్ల భవనం పైకప్పు మీద సిగ్నల్ అందింది. 2024 జనవరిలో వచ్చిన నాసా నివేదికేమో, 2050లో కట్టినా నేలమీది పునరుత్పాదక విద్యుత్తు కంటే 12 నుంచి 80 రెట్లు ఖరీదవుతుందంది. దీనిమీద డబ్బు పెట్టాలా, వద్దా?

ఇన్వర్టర్‌రావు: వద్దు. పైన కరెంటును మైక్రోవేవ్‌గా మార్చాలి, కింద మళ్లీ కరెంటు చేయాలి. 1975లో విలియం బ్రౌన్ ల్యాబులో అన్నీ దగ్గరుండి సరిచూసుకున్నా అవతలికి చేరింది 54 శాతం. సగం దారిలో పారబోయడానికి రాకెట్లు దేనికి?

కక్ష్యదారి: మిగిలిన సగం కూడా లెక్కపెట్టండి మరి. అక్కడ చదరపు మీటరుకు 1,361 వాట్ల ఎండ. మబ్బు లేదు, దుమ్ము లేదు. భూమితో సమానంగా తిరుగుతూ ఎప్పుడూ ఒకే చోటికి పైన ఉండే భూస్థిర కక్ష్యలో, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల చుట్టుపక్కల రోజుల్లోనే భూమి నీడ పడుతుంది, అదీ మహా అయితే 72 నిమిషాలు. నేలమీది ప్యానెల్ రాత్రంతా ఖాళీగా ఉంటే దాన్ని నష్టమని ఎవరూ అనరు. అన్నట్టు అదే 1975లో అమెరికాలోని గోల్డ్‌స్టోన్‌లో ఒకటిన్నర కిలోమీటరు దూరానికి 30 కిలోవాట్లకు పైగా పంపారు.

పిచ్చుక: ఆ కిరణంలోకి పక్షులొస్తే వేగిపోవూ?

కక్ష్యదారి: 1970ల చివర్లో నాసా, అమెరికా ఇంధన శాఖ కలిసి వేసిన 5 గిగావాట్ల నమూనాలో కిరణం నడిమధ్యన చదరపు మీటరుకు 230 వాట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండ దీనికి నాలుగింతలు.

పిచ్చుక: ఎండ చర్మం దగ్గరే ఆగుతుంది, మైక్రోవేవ్ లోపలికి దిగుతుంది. రెండూ ఒకటెలా అవుతాయి?

ఇన్వర్టర్‌రావు: 54కి జవాబు రాలేదు. ఒకటిన్నర కిలోమీటరు ఎక్కడ, భూస్థిర కక్ష్య నుంచి దాదాపు 36 వేల కిలోమీటర్లు ఎక్కడ? మీ నమూనాలోనే పైన కిలోమీటరు వెడల్పు యాంటెనా కావాలి. కింద కిరణాన్ని పట్టి కరెంటు చేసే రెక్టెనా పదికి పదమూడు కిలోమీటర్లు.

కక్ష్యదారి: పిచ్చుక గారికి కిరణం చిక్కనైందని భయం, మీకు పలచనైందని బాధ! పైన యాంటెనా చిన్నదైతే కింద కిరణం ఇంకా విచ్చుకుంటుంది. అందుకే చిన్నగా మొదలుపెట్టడం కుదరదు. ఖర్చు అక్కడ వస్తోంది, 54 దగ్గర కాదు. నాసా లెక్కలోనూ సింహభాగం పైకి చేరవేసే ఖర్చే.

తీరికలేదు: ఇంకా 54 దగ్గరే ఉన్నారా? నమస్కారం.

ఇన్వర్టర్‌రావు: నా సంగతి చెప్తా వినండి. మా ఇంటి మీద ప్యానెళ్లున్నాయి. లైన్లో కరెంటు పోతే ఎర్రటి ఎండలో కూడా మా ఇన్వర్టర్ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు, సరే. బ్యాటరీ పెట్టి విడిగా నడుపుకుంటానంటే ప్యానెళ్లు బిగించిన కంపెనీ ఫోనెత్తడం మానేసింది. ప్యానెల్ నాది, స్విచ్ ఎవరిదో!

కక్ష్యదారి: కంపెనీ మీద కోపం కక్ష్య మీద చూపిస్తే ఎలాగండీ?

ఇన్వర్టర్‌రావు: 54 కాదు, 94 శాతం వచ్చినా నాకొద్దు. నెత్తిమీదున్నదానికే స్విచ్ నా చేతిలో లేదు. అంత ఎత్తున ఉన్నదాని స్విచ్ ఎవరి చేతిలో ఉంటుంది?

మేఘమాల: ఈ ముక్క మొదట్లోనే అనుంటే సగం చర్చ తప్పేది.

కక్ష్యదారి: స్విచ్ నేలమీదే ఉంటుంది. రెక్టెనా నుంచి ఒక పైలట్ సిగ్నల్ పైకి పోతుంది, దాన్ని బట్టే పైనున్న యాంటెనాలు కిరణాన్ని గురిపెడతాయి. సిగ్నల్ ఆగిందా, కిరణం చెదిరిపోతుంది. పైగా ఇక్కడ అక్కర్లేనప్పుడు ఇంకో దేశంలోని రెక్టెనాకి మళ్లించొచ్చు. చలికాలంలో ఎండ మొహం చూడని దేశాలున్నాయి. సొంత పైకప్పు, దానిమీద ఎండ రెండూ ఉన్నవాళ్లకి ఆ బాధ తెలియదు.

ఇన్వర్టర్‌రావు: మళ్లించొచ్చు అన్నారే, నా భయమంతా అదే. ఎక్కువ డబ్బిచ్చేవాడి వైపు మళ్లుతుంది.

పిచ్చుక: మళ్లించేటప్పుడు దారిలో ఉన్న పక్షులో?

కక్ష్యదారి: గ్యాస్ పైపులైన్ల విషయంలోనూ ఆ భయం ఉన్నదే. ఒప్పందం గట్టిగా రాసుకోవాలి.

ఇన్వర్టర్‌రావు: ఒప్పందం నా దగ్గరా ఉంది. కంపెనీ సంతకంతో సహా.