అప్‌డేట్: అమ్మ ఎంసీవీ 118, కారణం బీ12 విటమిన్ లోపం

అమ్మ బ్లడ్ రిపోర్టులో ఎంసీవీ, అంటే ఎర్రకణాల సగటు సైజు, 118 (ఉండాల్సింది 80–100) ఎందుకొచ్చిందని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. స్మియర్ (రక్తపు చుక్కను గాజు పలకపై పూసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) చూపించమన్న సలహాతోనే తేలింది. గుంటూరులో హెమటాలజిస్టు (రక్త జబ్బుల డాక్టరు) చూస్తే ఎర్రకణాలు కోడిగుడ్డులా ఉబ్బి ఉన్నాయి, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల్లో కేంద్రకం ఐదారు తమ్మెలుగా (భాగాలుగా) చీలి ఉంది. ఇవి బీ12 లోపంలో కనిపించే గుర్తులు. రక్తంలో బీ12 చూస్తే 98 మాత్రమే, బాగా తక్కువ. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర), పైగా శాకాహారం; రెండూ బీ12 తగ్గడానికి కారణాలే.

బీ12 తగ్గితే డీఎన్ఏ తయారీ కుంటుపడుతుంది. కణం పెరుగుతూ పోతుంది, విడిపోవడం మాత్రం ఆలస్యమవుతుంది. అందుకే ఆ సైజు.

ఎంసీవీ పెంచగల మిగతా కారణాలూ చూశారు: థైరాయిడ్, లివర్ నార్మల్. బీ12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ (ఇంకో బీ విటమిన్) ఒక్కటే మొదలుపెట్టకండి, దయచేసి! రక్తం మెరుగైనట్టే కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

డాక్టరు రాసినట్టు 1000 మైక్రోగ్రాముల బీ12 ఇంజెక్షన్లు రెండు వారాలు రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి. మూడో నెలకి ఎంసీవీ 93. అరికాళ్ల తిమ్మిరి ఇంకా కాస్త ఉంది.